కనుమ నాటి చుట్ట, బావిలో బీరు

అత్తయ్య బీరువా మీద నుంచి ఒక పాత బిస్కెట్ల డబ్బా దింపి నా ముందు పెట్టింది. "మీ మావయ్యది. నీకే ఇమ్మన్నారు" అంది. మావయ్య పోయి అప్పటికి రెండు నెలలు. దినవారాలకి విశాఖ వచ్చినప్పుడు ఇల్లంతా జనం, ఇవ్వడం కుదరలేదట. మూత అంచుల చుట్టూ టేపు వేసి ఉంది. ఎన్నిసార్లు తీసి ఎన్నిసార్లు అంటించారో, పొర మీద పొర. గోటితో లాగి మూత తీశాను.

లోపల ఏముందో చూసేలోపే వాసన వచ్చింది. ఎండిన ఆకు, ముదిరిన బెల్లం పాకం, గొడ్లపాకలో తడి గడ్డి, వాటి అడుగున ఎక్కడో గోదారి ఒండ్రు. ఎన్నో ఏళ్లుగా ఆ వాసన నా ముక్కుకి తగల్లేదు. అయినా ఒక్క క్షణంలో నేను మా ఊరి అరుగు మీద ఉన్నాను. చేతిలో పట్టకారు, పట్టకారులో నిప్పు, వెనక నుంచి మామ్మ కేక: "చెయ్యి జాగ్రత్తరా, పరిగెత్తకు!"

డబ్బాలో తడిపి పిండిన గుడ్డ ఎండిపోయి అట్టలా ఉంది. దాని కింద తాటాకులో చుట్టిన చిన్న కట్ట. మూడు చుట్టలు, నాలుగైదు విడి ఆకులు. అవి ఏ ఆకులో నాకు చెప్పక్కర్లేదు. ఎనభై ఆరు వరద ఆకు.

*

మాది ఆలమూరుకి దిగువన గౌతమి గట్టు మీద ఊరు. ధవళేశ్వరం దగ్గర గోదావరి పాయలుగా విడిపోయాక ఎడమ వైపు పాయ గౌతమి. ఏటి మధ్యలో లంకలు. ఊళ్లో ఉండేది ఇల్లు, లంకలో ఉండేది బతుకు అనేవాడు తాతయ్య. మా లంక ఎకరంన్నర. పొద్దున్నే నావ దాటి వెళ్లి, చీకటి పడే ముందు నావ దాటి వచ్చేవాడు. వస్తూ వస్తూ ఆయన కంటే ముందు ఆయన చుట్ట వాసన వచ్చేది. మామ్మ ఆ వాసన పట్టుకునే పొయ్యి మీద నీళ్లు పెట్టేది.

లంక పొగాకు అంటే ఇవాళ్టి పిల్లలకి తెలియదు. గుంటూరు వైపు బ్యారన్లలో కాల్చే సిగరెట్ల పొగాకు వేరు, ఇది వేరు. ఇది చుట్టల ఆకు. మందంగా, ముదురుగా, నల్లటి గోధుమ రంగులో ఉంటుంది, ఘాటు ఎక్కువ. వరద తీశాక లంక మీద మిగిలిన ఒండ్రులో నాటేవారు. మొక్క మొక్కకీ కావిడి కుండలతో నీళ్లు పోసేవారు. మొక్క ఎదిగాక తల తుంచాలి, పక్కన వచ్చే పిలకలు గిల్లాలి, అప్పుడే బలమంతా ఆకుకి పోతుంది. పిలకలు గిల్లే పని మా పిల్లలది. వేళ్లకి జిగురు అంటుకుని నల్లగా గడ్డకట్టేది. ఎంత రుద్దినా పోయేది కాదు. ఆ చేత్తో అన్నం కలుపుకుంటే ముద్ద ముద్దకీ చేదు. నా చిన్నప్పుడు మాఘమాసం అన్నానికి ఆ చేదు ఉంటుందనే అనుకునేవాణ్ణి.

కోసిన ఆకుని పాకలో వేలాడగట్టేవారు. ఆరాక దించి, ఒకదాని మీద ఒకటి పేర్చి మండె కట్టేవారు. మండె లోపల చెయ్యి పెట్టి చూడమనేవాడు తాతయ్య. జ్వరం వచ్చిన మనిషి చంకలో చెయ్యి పెట్టినట్టు ఉండేది. మొదటి రోజుల్లో ముక్కు మంట పుట్టించే ఘాటు. తిరగేసి మళ్లీ కట్టి, మళ్లీ తిరగేసి కడుతుంటే ఘాటు దిగి తీపి వాసన పైకి వచ్చేది. ఎప్పుడు తిరగెయ్యాలో తాతయ్య చేత్తో చూసి చెప్పేవాడు. రాజమండ్రిలో 1947లో పెట్టిన పొగాకు పరిశోధన కేంద్రం ఉంది. ఎవరైనా దాని మాట ఎత్తితే తాతయ్య శ్రద్ధగానే వినేవాడు. మండె మాత్రం చేత్తోనే చూసుకునేవాడు.

తెల్లవాళ్లకి ఈ ఆకు ఎంత నచ్చిందంటే, 1886లో అచ్చయిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో 'లంక' అన్న మాటనే చుట్ట పేరుగా ఎక్కించారు. గోదావరి డెల్టా లంకల్లో పండే పొగాకుతో చేసే ఘాటైన చుట్ట అని అందులో ఉంది. ఆ మాట నాకు చెప్పింది మావయ్యే. ఆయన పుస్తకాల మనిషి. తాతయ్యకి చదివి వినిపిస్తే ఆయన కాసేపు ఆలోచించి, "మన లంక పేరు లండన్ దాకా వెళ్లిందన్నమాట" అని, రెండోసారి చదవమన్నాడు.

*

1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా ఊరి పిల్లలకి ఎక్కాల కంటే ముందు ఈ అంకెలు వచ్చేవి. ఆ ఏడు మూడో హెచ్చరిక కూడా దాటిపోయింది. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిందని, పుట్టి బుద్ధెరిగాక అంత నీరు చూడలేదని పెద్దవాళ్లు చెప్పుకోవడం గుర్తు. గట్టు మీద టార్పాలిన్ పట్టాల కింద మేమూ, మా పక్కన గేదెలు. రాత్రంతా ఏరు శబ్దం. అది హోరు కాదు, ఎవరో పెద్ద మనిషి ఆపకుండా గొంతు సవరించుకుంటున్నట్టు ఉండేది. తాతయ్య లంక వైపు చూస్తూ కూర్చున్నాడు. అటు చూడ్డానికి నీళ్లు తప్ప ఏమీ లేవు.

అప్పటికి మావయ్యకీ తాతయ్యకీ మాటల్లేవు. అత్తయ్య పెళ్లిలో లాంఛనాల దగ్గర ఎవరో ఏదో అన్నారు, ఇంకెవరో దానికి ఇంకొకటి కలిపారు. పెళ్లి అయిపోయింది గానీ మాట పట్టింపు మిగిలిపోయింది. అత్తయ్య పండక్కి వచ్చేది, మావయ్య గుమ్మం దాకా దింపి వెళ్లిపోయేవాడు.

వరద వచ్చిన నాలుగో రోజు మావయ్య వచ్చాడు. విశాఖ నుంచి ఏదో లారీ పట్టుకుని మండపేట దాకా, అక్కణ్ణుంచి కొంత నడక, కొంత నడుం లోతు నీళ్లు. నెత్తి మీద బియ్యం మూట, చేతిలో కిరసనాయిలు డబ్బా, చొక్కా జేబులో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన అగ్గిపెట్టెలు. ఎవరితోనూ ఏమీ అనకుండా మూట దించాడు. తాతయ్య ఆయన్ని చూశాడు. మామ్మ వైపు తిరిగి, "అల్లుడుగారు తడిసిపోయారు, ఆ పొడి పంచె ఇటియ్యి" అన్నాడు. నాకు తెలిసి ఆ గొడవ గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది అంతే.

నీరు తీశాక నావ వేసుకుని లంకకి వెళ్లాం. పాక లేదు, గట్లు లేవు, మా హద్దు రాయి కూడా లేదు. పక్కవాళ్ల చేలో ఇసుక మేట వేసింది, పాపం, మూడేళ్లు వాళ్లు అందులో ఏమీ వెయ్యలేకపోయారు. మా చేలో మోకాలి లోతు ఒండ్రు. తాతయ్య వంగి పిడికెడు తీసి నలిపి, నాలిక మీద వేసుకున్నాడు. ఎరువు చుక్క వెయ్యకుండా ఆ ఏడు మొక్క నా నెత్తి దాటి పెరిగింది. అలాంటి ఆకు మళ్లీ రాలేదు. అమ్మగా మిగిలిన వాటిలోంచి బాగున్న ఆకులు ఏరి, తాటాకులో చుట్టి, కట్టలు కట్టి అటక మీద పెట్టాడు. రోజూ తాగేది వేరే ఆకు. అది మాత్రం ఏడాదికి ఒక్క రోజు, కనుమ నాడు. రెండే రెండు చుట్టలు. ఒకటి ఆయనకి, ఒకటి అల్లుడిగారికి.

*

బీరు అలవాటు మావయ్యది. విశాఖలో ఉద్యోగం, నెలకి ఒకటో రెండో, అంతకు మించి తాగేవాడు కాదు. వరద తర్వాత పండక్కి వచ్చేటప్పుడు దారి కాకినాడ మీదుగా మార్చుకుని యానాం వెళ్లేవాడు. యానాం 1954 దాకా ఫ్రెంచి వాళ్ల ఏలుబడిలో ఉన్న ఊరు, తర్వాత పాండిచ్చేరిలో భాగం. అప్పట్లో చుట్టూ మన తూర్పుగోదావరి జిల్లా, పన్నులు మాత్రం పాండిచ్చేరివి, కాబట్టి మందు చవక. అక్కడ నాలుగు సీసాలు కొని, గళ్ల తువ్వాల్లో చుట్టి, ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా బస్సులు మారి వచ్చేవాడు. భోగి నాటి సాయంత్రం చేతిసంచిలో సీసాలు ఒకదానికొకటి తగిలే గలగల వినిపిస్తే చాలు, మావయ్య దిగాడని లెక్క.

ఊళ్లో అప్పటికి ఫ్రిజ్ ఎవరింట్లోనూ లేదు. మా పెరట్లో బావి ఉండేది. కనుమ నాడు పొద్దున్నే, గొడ్లని కడగడానికి తోలుకెళ్లే ముందు, సీసాల్ని ఇత్తడి బకెట్లో నిలబెట్టి, మధ్యలో గడ్డి కుక్కి, బావిలోకి దించేవాళ్లం. చేద తాడు పట్టుకునేది నేను. బకెట్ నీళ్లలో మునిగే వేళకి తాడు బరువు తగ్గి చేతికి తెలిసేది. అక్కడ ఆపి గిలకకి తాడు ముడి వేసేవాడు మావయ్య. మధ్యాహ్నం దాకా ఎవరూ ఆ బావిలో నీళ్లు తోడకూడదు. మామ్మ సణుగుతూనే పక్కింటి బావికి వెళ్లేది.

ఈ బావి చల్లదనం గురించి ఒక మాట చెప్పాలి. ఇప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసిన బీరు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉంటుంది, దాంతో రుచి ఏమీ తెలియదు. బావిలోంచి వచ్చిన సీసా ముట్టుకుంటే తెల్లవారుజామున గచ్చు మీద కాలు పెట్టినట్టు ఉండేది. ఆ చల్లదనంలో చేదు చేదులాగే తెలుస్తుంది, దాని వెనక గింజ వాసన కూడా తెలుస్తుంది. చుట్టతో పాటు తాగాలంటే అదే కావాలి. ఇది నేను పెద్దయ్యాక ఎన్నో చోట్ల తాగి తెలుసుకున్న సంగతి, ఊరి మీద ప్రేమతో అంటున్నది కాదు.

*

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అందుకే ఆ రోజు అల్లుళ్లెవరూ ప్రయాణం పెట్టుకోరు, పొద్దంతా ఇంట్లోనే. మినప గారెలు, కోడి కూర. భోజనాలయ్యాక ఆడవాళ్లు లోపల చాపలేసుకునే వేళకి, ఊరవతల కోడిపందేల కేకలు గాలికి తేలి వస్తుండగా, తాతయ్య అరుగు మీద పీట వేసుకుని కూర్చునేవాడు. పక్కన అటక మీంచి దించిన కట్ట.

ముందు ఆకుని తడి గుడ్డలో కాసేపు ఉంచి మెత్తబరిచేవాడు. తర్వాత ఈనె తీసేవాడు. బొటనవేలి గోరు ఆకు మొదట్లో ఈనె కింద దూర్చి, ఒక్క లాగుడు, అంతే. చివరిదాకా తెగకుండా నులక తాడులా వచ్చేసేది. చిన్న ముక్కలు లోపలికి, పొడుగ్గా ఉన్నవి వాటి చుట్టూ. అన్నిటికంటే మంచి ఆకు, చిల్లు లేనిది, పైకి. తొడ మీద పెట్టి అరచేత్తో ఒత్తి దొర్లిస్తే నాలుగు దొర్లింపుల్లో చుట్ట తయారయ్యేది. చివర చిన్న అరటినార పోగుతో ముడి. చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్లతో నొక్కి వినేవాడు. కరకరమంటే ఎండింది, మళ్లీ తడి గుడ్డలోకి. చప్పుడు లేకపోతే తడి ఎక్కువైంది, కాసేపు గాలికి. మెత్తగా చిన్న సవ్వడి రావాలి. అప్పుడు అల్లుడిగారికి ఇచ్చేవాడు, రెండు చేతులతో.

అగ్గిపుల్ల ముట్టనిచ్చేవాడు కాదు. గంధకం వాసన మొదటి దమ్ములోనే ఆకుని పాడు చేస్తుందని ఆయన నమ్మకం. పొయ్యిలోంచి నిప్పు తేవడం నా వంతు. కొబ్బరి డొక్క నిప్పైతే మరీ ఇష్టం. పట్టకారుతో తెచ్చి పట్టుకుంటే, చుట్ట చివర నిప్పుకి తగలకుండా కొంచెం దూరంలో తిప్పుతూ, అంచంతా ఒకే తీరుగా ఎర్రబడ్డాక అప్పుడు నోట్లో పెట్టుకునేవాడు.

ఈలోగా మావయ్య సీసాలు పైకి లాగేవాడు. గాజు మీద నీళ్లు కారుతూ, లేబులు నాని మూల ఊడి వేలాడుతూ. మూత తీసిన చప్పుడికి మేం పిల్లలం కాచుకుని ఉండేవాళ్లం. మూత కోసం. దాన్ని రాయితో చదును చేసి, రెండు చిల్లులు పొడిచి, దారం ఎక్కించి లాగితే గుయ్యిమని తిరిగేది. నాలుగు సీసాలు, నాలుగు మూతలు, నలుగురు పిల్లలం.

స్టీలు గ్లాసులో వంచి పోసేవాడు మావయ్య. మొదటి ఏడాది తాతయ్య ఒక గుక్క తాగి మొహం చిట్లించుకుని, "వేపాకు కషాయమండీ ఇది" అన్నాడు. మావయ్య నవ్వలేదు. "చుట్ట తాగాక చూడండి మావయ్యగారూ" అన్నాడు. తాతయ్య రెండు దమ్ములు లాగి, పొగని నోట్లోనే నిలిపి, నెమ్మదిగా వదిలి, అప్పుడు రెండో గుక్క తాగాడు. గ్లాసు దించి దానికేసి చూశాడు. "ఇప్పుడు తీపిగా ఉందే!" అన్నాడు.

అందులో మాయ ఏమీ లేదు. లంక ఆకు ఘాటుకి నోరు ఎండిపోతుంది, నాలిక మీద కారం, చేదు పేరుకుంటాయి. ఆ చేదు ముందు బీరు చేదు చిన్నబోయి, దాని అడుగున ఉన్న గింజ తీపి పైకి వస్తుంది. నురగ నాలికని కడిగేస్తుంది, మళ్లీ దమ్ముకి నోరు కొత్తదవుతుంది. ఆ రోజు నుంచి తాతయ్య ఒక పద్ధతి పెట్టుకున్నాడు. రెండు దమ్ములు, ఒక గుక్క. నోట్లో పొగ ఉండగా గ్లాసు ఎత్తకూడదు. పొగ మింగకూడదు. బూడిద దులపకూడదు, దానంతట అదే రాలాలి. ఒక్కో చుట్ట గంటన్నర నడిచేది.

ఆ గంటన్నరలో వాళ్లు మాట్లాడుకునేవాళ్లు. ఏడాదంతా పొడి పొడి మాటలే అయిన ఇద్దరూ ఆ అరుగు మీద ఏమేం మాట్లాడుకునేవారో! ఓడల మాట మావయ్య చెప్పేవాడు, ఏటి మాట తాతయ్య చెప్పేవాడు. ఓడకి అడుగున పేరుకునే నాచు ఎలా గీకుతారో, నావకి తారు ఎలా పూస్తారో. ఒకసారి తాతయ్య ఉన్నట్టుండి, "అమ్మాయి ఏడుస్తోందా ఎప్పుడైనా?" అని అడిగాడు. మావయ్య చాలాసేపు ఊరుకుని, "మొదట్లో ఏడ్చేదండి. ఇప్పుడు లేదు" అన్నాడు. నేను నిప్పు పట్టుకుని నిలబడి ఉన్నాను. నేనున్నానని ఇద్దరికీ గుర్తు లేదు.

*

నాన్న ఆ వేళకి అరుగు మీద ఉండేవాడు కాదు. బడిపంతులు. చుట్టా లేదు, సీసా లేదు. పసుపు కుంకుమలు పెట్టిన గేదెల దగ్గరకెళ్లి, అక్కర్లేకపోయినా కుడితి కలుపుతూ ఉండేవాడు. కోప్పడేవాడు కాదు, అలా పక్కకి తప్పుకునేవాడంతే.

ఆయనకి ఒక కారణం ఉంది. మా చేలో పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన అవ్వ ఒకావిడ ఉండేది. వాళ్ల వైపు ఆడవాళ్లలో చాలామందికి అడ్డపొగ అలవాటు. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగుతారు. గాలికి నిప్పు ఆరదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు భయమేసింది. నోరు మూసుకుని పని చేస్తుంటే పెదాల మధ్య నుంచి సన్నగా పొగ వచ్చేది. ఆ అవ్వకి అంగిట్లో పుండు పడింది. నాన్నే కాకినాడ తీసుకెళ్లి ఆసుపత్రిలో చూపించాడు. అడ్డపొగ తాగేవాళ్లకి అంగిట్లో క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు ఎప్పుడో కనిపెట్టారు, అవ్వకి ఎవరూ చెప్పలేదు. ఆరు నెలలు బతికింది. చివర్లో గంజి కూడా దిగేది కాదు. నాన్న ఆ తర్వాత మా చేత ఎప్పుడూ పొగాకు పిలకలు గిల్లించలేదు.

నేను ఆ అరుగు గురించి ఇంత ప్రేమగా రాస్తున్నా, అవ్వ నోరు నాకు కనపడుతూనే ఉంటుంది. రెండూ ఆ ఆకులోవే. తాతయ్యకి కూడా చివర్లో దగ్గు పట్టుకుంది. డాక్టరు మానమన్నాడు. రోజువారీ చుట్ట ఆ పూటే మానేశాడు, మళ్లీ ముట్టలేదు. కనుమ చుట్ట ఒక్కటీ ఉంచుకుంటానని డాక్టరుతో బేరమాడాడు.

*

1995లో సంక్రాంతి వెళ్లీ వెళ్లకముందే, జనవరి 16 నుంచి, మద్యనిషేధం వచ్చింది. ఆ తర్వాతి పండక్కి మావయ్య ఖాళీ సంచితో దిగాడు. యానాంలో దొరుకుతుంది, అందరూ అక్కణ్ణుంచే తెచ్చుకుంటున్నారు, పొలాల మీంచి తెచ్చే కుర్రాళ్లున్నారు అని ఊళ్లో ఎవరో అన్నారు. తాతయ్య ఒప్పుకోలేదు. "పోలీసులొస్తే అల్లుడుగారు తలొంచుకుని నిలబడాలా, నా అరుగు మీద?" అన్నాడు. వద్దంటే వద్దన్నాడు.

బీరు లేదని చుట్ట కూడా చుట్టలేదు. అటక మీద కట్ట అలాగే ఉంది. ఇద్దరూ మామూలుగానే అరుగు మీద కూర్చున్నారు. మామ్మ మజ్జిగ ఇచ్చింది. అరగంటలో మాటలు అయిపోయాయి. తాతయ్య లేచి నడుం వాల్చాడు, మావయ్య పేపర్ పట్టుకున్నాడు. రెండు కనుమలు అలా గడిచాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ వచ్చిన పండక్కి సంచిలో సీసాల గలగల విని మామ్మ, ఎప్పుడూ సణిగే మామ్మ, తనే వెళ్లి ఇత్తడి బకెట్ తోమి పెట్టింది.

*

తాతయ్య మంచంలో ఉన్న చివరి కనుమకి చుట్టలు మావయ్య చుట్టాడు. సరిగ్గా రాలేదు, మధ్యలో లావు, చివర్లు సన్నం. తాతయ్య చెవి దగ్గర పెట్టుకుని నొక్కి విన్నాడు. "కొంచెం తడుందండి. పర్లేదు" అన్నాడు. తాగలేదు. వాసన చూసి, గుండెల మీద పెట్టుకుని పడుకున్నాడు. మిగిలిన ఆకు మీరు తీసుకెళ్లండని చెప్పాడు. ఈ డబ్బా అదే.

మావయ్య దాన్ని ఇన్నేళ్లు ఏం చేశాడని అత్తయ్యని అడిగాను. "ఏం చెయ్యలేదు. కనుమ నాడు మూత తీసి కొత్త గుడ్డ తడిపి పెట్టేవారు. కాసేపు దగ్గర పెట్టుకుని కూర్చునేవారు. మళ్లీ టేపు వేసేవారు" అంది. బీరు కూడా తాతయ్య పోయాక మానేశాడట.

*

ఈ కనుమకి అత్తయ్యని ఊరికి తీసుకెళ్లాను. బావ కూడా వచ్చాడు. లంక ఇప్పుడు లేదు. ఏరు ఏటా కొంత కొంత కోసుకుపోయి, మా ఎకరంన్నర ఉన్న చోట నీళ్లు పారుతున్నాయి. మిగిలిన లంకల్లో అరటి, కూరగాయలు వేస్తున్నారు. పొగాకు ఎక్కడో ఒకటీ అరా. అరుగు మాత్రం ఉంది. బావి మీద ఇనప జాలీ వేసి మోటారు పెట్టారు.

బావా నేనూ జాలీ ఎత్తి, గిలక లేదు కాబట్టి తాడు చేత్తోనే పట్టుకుని, రెండు సీసాలు దించాం. నీళ్లు తగలగానే తాడు బరువు తగ్గింది, సరిగ్గా అప్పటిలాగే. బావ నా వైపు చూశాడు. వాడికీ తెలిసింది.

రాత్రంతా తడి గుడ్డలో ఉంచిన చుట్ట బావ అరుగు మీద పెట్టాడు. జేబులోంచి లైటర్ తీశాడు. లోపల మంచం మీద పడుకున్నాడనుకున్న నాన్న, ఎనభై దాటిన మనిషి, గుమ్మంలో కనపడ్డాడు. "దాంతో వద్దు, ఆగు" అన్నాడు. కర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. ఇంట్లో కట్టెల పొయ్యి తీసేసి ఎన్నేళ్లయిందో. కొబ్బరి డొక్కలు నాలుగు పేర్చి, కాగితం పెట్టి, వంగి ఊది ఊది నిప్పు చేశాడు. పట్టకారు ఎక్కడ దొరికిందో. చెయ్యి వణుకుతుంటే రెండో చెయ్యి ఆసరా ఇచ్చి, నిప్పు అరుగు దాకా తెచ్చి పట్టుకున్నాడు. "తగలనివ్వకు. దూరంగా తిప్పు" అన్నాడు. ఏ వైపు గొడ్లపాక ఉండేదో అటు చూశాను. అరుగు అక్కణ్ణుంచి బాగానే కనపడుతుంది.

బావ రెండు దమ్ములు లాగి నాకిచ్చాడు. నేను సిగరెట్ కూడా తాగను. ఒక్క దమ్ము నోట్లో పట్టి వదిలాను, ఒక గుక్క బీరు తాగాను. నాలిక మీద ముందు మంట, తర్వాత చేదు, ఆ తర్వాత తీపి వచ్చింది. చుట్టని అరుగు అంచు మీద పెట్టేశాం. బూడిద దానంతట అదే రాలింది. నాన్న మెట్టు మీద కూర్చుని, అది పూర్తిగా ఆరిపోయేదాకా లేవలేదు.

అత్తయ్య వచ్చి డబ్బా అందుకుంది. పెళ్లి కాక ముందు ఈ వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అరుగు దాటేదని మామ్మ చెప్పేది. మిగిలిన రెండు చుట్టలూ, ఆకులూ తీసి, పాత జాకెట్టు గుడ్డలో పరిచి మూట కట్టింది.

"ఇవి నేను తీసుకెళ్తానురా. పట్టుచీరల మధ్య పెట్టుకుంటా, పురుగు పట్టదు" అంది. ముడి వేశాక మూట ఒకసారి మొహం దగ్గర పెట్టుకుని, సంచిలో అన్నిటికంటే అడుగున సర్దింది.